ఆడ అంటే ఏడ?

మగ ఎలుకల కేజ్‌లో పిల్లలు పుట్టాయి. తప్పు ఎలుకలది కాదు, నాది.

డిచ్‌పల్లి రోడ్డులో ఒక ల్యాబ్‌లో ఎలుకల గది నా బాధ్యత. అవి జన్యువు మార్చిన ఎలుకలు. పెరిగేకొద్దీ వాటికి థైరాయిడ్‌లో కణితి వస్తుంది. ఆ కణితి ఆడవాటిలో, మగవాటిలో ఒకేలా పెరుగుతుందా, తేడా ఉందా? మా స్రవంతి పీహెచ్‌డీ అంతా ఆ ప్రశ్న మీదే. కాబట్టి పాలు మానిన పిల్లల్ని ఆడామగా వేరు చేయడంలో పొరపాటు జరిగితే స్రవంతి కష్టమంతా మట్టిపాలే. తోక పట్టి లేపి, చూసి చెప్పేది నేను. కేజ్‌లో వేసేది నర్సవ్వ. ఆ వారమే పనిలో చేరింది.

ఆ మధ్యాహ్నం సన్నగా వాన. గదిలో ఎర్రటి మసక లైటు, ఏసీ జోలపాట. అరచేతిలో వెచ్చగా చివరి రెండు పిల్ల ఎలుకలు. కళ్లు తెరిచే ఉన్నాను, అయినా బోధన్ అవతల మా చెరుకు తోటలోకి వెళ్లిపోయాను. తెల్లటి చెరుకు పూత గాలికి ఊగుతోంది. కింద తెల్ల ఎలుకలు తోకలెత్తుకుని వరసగా పోతున్నాయి. వాటి వెనకాలే నేను, చెప్పులు లేకుండా...

"ఏడ ఏయాలె మేడం?" ఎక్కడో దూరం నుంచి నర్సవ్వ గొంతు.

"ఆడ," అన్నాను.

మావాళ్లు కోస్తా నుంచి కాలువ కింద పొలాలకు వచ్చినవాళ్లు. మా ఇంట్లో ఆడ అంటే ఆడదే. ఇక్కడ ఆడ అంటే 'అక్కడ' అని నాకు తెలియక కాదు, ఇక్కడే పుట్టి పెరిగాను. నిద్రమత్తులో మాత్రం ఇంటి మాటే వస్తుంది!

నర్సవ్వ నా తల వాలిన వైపు చూసింది. అటు ఉన్నది నీలం చీటీ అంటించిన మగ కేజ్. ఆ రెండు ఆడవీ అందులోకే పోయాయి.

కొన్నాళ్లకు స్రవంతి కేక. "మేడం! మగవి పిల్లల్ని పెట్టాయి!"

నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

"ఈ బ్యాచ్ ఇక పనికిరాదు మేడం. మళ్లీ మొదటి నుంచే." కళ్లలో నీళ్లు, చూపు నర్సవ్వ మీద.

"నన్నంటే ఎట్ల?" అంది నర్సవ్వ. "ఏడ అంటే ఆడ అంటిరి. తలకాయతోని సుత సూపిస్తిరి!"

"అది చూపించడం కాదు నర్సవ్వా. కునుకు."

"గట్లనా! పెద్ద మేడం గద, తలకాయతోనే ఆర్డర్ ఏస్తున్రనుకున్న."

స్రవంతి గైడ్‌కు కునుకు సంగతి నేనే చెప్పాను. అప్పుడే నిర్ణయించుకున్నాను: ఆ గదిలో కూర్చోను, 'ఆడ' అనను. కొత్త బ్యాచ్ వచ్చింది. నిలబడి, తోక పట్టుకుని, గట్టిగా చెబుతున్నాను. "అమ్మాయి. అబ్బాయి. అమ్మాయి."

"పెండ్లి సంబంధాలు సూస్తున్నట్టుంది మేడం!" అని నర్సవ్వ పక్కున నవ్వుతుంది.

నవ్వనీ. ఇంతవరకు మా అబ్బాయిలెవరూ మళ్లీ కనలేదు.