బండి కొనకముందే కొట్టిన కొబ్బరికాయ

ధర మాట్లాడడానికి వెళ్ళేటప్పుడు, ఎంతయినా ఇచ్చి కొంటామని అవతలివాడికి ముందే చెప్పేస్తారా మీరు? చెప్పం అనే అంటారు. మరి చేతిలో ఆ కొబ్బరికాయ ఏమిటి? సంచిలోంచి తొంగిచూస్తున్న ఆ నిమ్మకాయలూ మిరపకాయలూ ఏమిటి?

నా చిన్నప్పుడు మేమూ అట్లాగే వెళ్ళాం. మొయినాబాద్ పక్కన మాకొక చామంతి తోట ఉండేది. నగరం అంచున అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. కంప్యూటర్ కొలువుల డబ్బు మా మట్టిరోడ్ల దాకా పారింది. పొలం అడిగే బ్రోకర్లు పాలవాడికంటే ముందే వాకిట్లో నిలబడేవాళ్ళు. మా బాపు ఎవరికీ సరేననలేదు గానీ, మెత్తబడుతున్నాడు. కారణం కిరాయి బండి. అది ఎప్పుడు వస్తే అప్పుడే మా పూలు మార్కెట్‌కు చేరేవి. ఎండకు వాడిన చామంతిని ఎవరు ముట్టుకుంటారు? సొంతానికి కొత్త పికప్ బండి ఉండి, వెనక ఇనుప చట్రమూ, ఎండ తగలకుండా దానిమీద కప్పే తాటిపత్రీ ఉంటే తోట నిలుస్తుంది. లేకపోతే అమ్మేద్దామని బాపు తేల్చేశాడు. ఉన్న డబ్బు బండికే సరిపోయేది. పైకప్పు షోరూమువాళ్ళే కట్టించి ఇవ్వాలి. బేరమంతా దానిమీదే.

పంతులు చెప్పిన గురువారం నాడు చేవెళ్ల రోడ్డు మీది షోరూముకు వెళ్ళాం. బాపు, నేను, మా మేనత్త. ఆమె బాపుకు అక్క. మొయినాబాద్ చౌరస్తాలో పూలు అమ్మేది. పూజ సామాను సంచి నా ఒళ్ళో ఉన్నది, పైన మా తోట పూల దండ. బండ్లు అమ్మే కుర్రవాడు బాపు మొహం చూడలేదు, నా సంచి చూశాడు. ఆ తర్వాత ఒక్క మెట్టు దిగలేదు.

"చట్రం మాతోని కాదన్నా. ఇయ్యాల మంచి రోజు, ఇంకా శానామంది లైన్ల ఉన్నరు. జర జల్ది చెప్పు, మళ్ల రాహుకాలం వస్తది."

బాపు గడియారం చూశాడు. సంతకానికి పెన్ను అందుకున్నాడు. కొబ్బరికాయ కొట్టకుండా ఇంటికి తిరిగి రావడమంటే ఆయనకు తోట అమ్ముకోవడంకన్నా పెద్ద భయం.

అప్పుడు మా అత్త లేచి, నా సంచిలోంచి కొబ్బరికాయ తీసి, షోరూము మెట్టుకు ఠపీమని కొట్టింది. నీళ్ళు నా నోట్లో పోసింది.

"అక్కా! గిదేం పని? బండి లేకుండ కొబ్బరికాయ కొడ్తవా? అరిష్టం కాదు?" అన్నాడు బాపు.

"పిల్ల గొంతు తడిసింది. గిండ్ల అరిష్టం యాడున్నది తమ్మీ?"

ఒక ముక్క అమ్మే కుర్రవాడి చేతిలోనూ పెట్టింది. "తిను బిడ్డా, తియ్యగున్నది. మేం అమావాస్యకు వస్తం."

"అమావాస్యకు బండి ఎవరు కొంటరక్కా!" అని అతను నవ్వాడు.

"ఎవ్వరు కొనరనే వస్తం."

తిరుగు బస్సులో అత్త బాపుకు చెప్పింది. "రేపే పెండ్లి అనుకుంట దండలకు వచ్చినోడు నా కాడ బేరమాడలేడు. నేనెంతంటే గంత. ఇయ్యాల ఆ పెండ్లోడివి నువ్వే అయినవు."

అమావాస్య నాడు అత్త బాపును, నన్ను లాక్కెళ్ళేసరికి షోరూము బోసిగా ఉన్నది. మావి ఖాళీ చేతులు. అదే కుర్రవాడు కుర్చీలు తుడిచి వేశాడు. అత్త ధర అడగలేదు, బండి చుట్టూ తిరిగి, "నచ్చలే, పోదాం పాండ్రి" అన్నది. అతను గుమ్మానికి అడ్డం వచ్చాడు.

"అక్కా, పొద్దటిసంది బోణీ కాలే."

"ఎరుకే. చట్రం కట్టియ్యి, బోణీ చేస్త."

మొదటి గిరాకీని వదులుకుంటే రోజంతా పాడవుతుందని అతని భయం. గురువారం నాటి మా భయం ఈ రోజు అతని చేతిలో ఉన్నది. అతను మోసగాడు కాదు. మనం తెచ్చి బల్లమీద పెట్టిన భయానికి ధర కట్టాడు, అంతే. రాహుకాలం ఆకాశంలో ఉంటే అందరికీ ఒకే నష్టం చేయాలి కదా? అదెప్పుడూ భయపడేవాడికే ఎందుకు ఖర్చవుతుంది? ఈ ప్రశ్న నేను తర్వాత మూఢనమ్మకాల మీద పెట్టిన ఎన్నో సభల్లో అడిగాను.

ఆ సాయంత్రానికే చట్రం, తాటిపత్రి బండితోనే వచ్చాయి. ట్రాక్టరు నడిపిన చెయ్యి గనక బాపే నడిపాడు, ఏ చెట్టు మీదికొచ్చి పడుతుందోనని ఎడ్లబండి వేగంతో. పక్కన మా అత్త గుర్రుపెట్టి నిద్రపోయింది. ఇంటి ముందు బండి ఆగాక బాపు దాని చుట్టూ తిరిగి చూసి, "ఏం కాలేదు" అన్నాడు. అంత ఆశ్చర్యం ఆయన గొంతులో మళ్ళీ వినలేదు. తెల్లవారకముందే మా పూలు మార్కెట్‌లో ఉన్నాయి. బ్రోకర్లను బాపు మర్నాడే వాకిట్లోంచి పంపేశాడు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. అత్త లేదు, తోట ఉన్నది. ఏ బేరానికి వెళ్ళినా గడప దాటేముందు నా చేతులు చూసుకుంటాను.

మీరూ చూసుకోండి. ఆ సంచి ఇంట్లో పెట్టండి, క్యాలెండరు గోడకు తిప్పేయండి. వచ్చే అమావాస్యకే వెళ్ళి బేరమాడండి.