మొదటి కందిరీగ

ఏక్‌బాల్‌పూర్ బజారులో కొన్న తేనె సీసా మూత తీస్తే, తేనె కన్నా ముందు మైనం వాసన తగిలింది. ఆ వాసన వెంటే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వెనక మా పెరడు, మునగచెట్టు కింద నాన్న పాత చెక్కలతో చేసిన తేనెటీగల పెట్టె, దాని పక్కన పీట మీద మామ్మ, అన్నీ వచ్చేశాయి.

నాన్న పట్టాల పనికి పోతే ఆ పెట్టె మామ్మదే. శ్రీకాకుళం నుంచి వచ్చేనాటికే ఆవిడ కళ్ళకు శుక్లాలు కమ్మాయి. అయినా ఈగల రొద విని, వాటికి ఆకలేస్తోందనో, వాన పడబోతోందనో చెప్పేది. వానలు తగ్గి, రైలు కట్ట పొడుగునా రెల్లు తెల్లగా పూసి, దుర్గాపూజ పందిళ్ళలో డోళ్ళు మొదలై, ఇంటింటా కొబ్బరి ఉండలు చుట్టే రోజుల్లో కందిరీగలు వచ్చేవి. పక్కింటి బెంగాలీవాళ్ళు భీమ్రుల్ అనేవారు. మొదట ఒక్కటే వచ్చి దారి చూసుకుపోతుందనీ, దాన్ని కొట్టేస్తే మిగతావి రావనీ మామ్మ నమ్మకం. బడి సెలవుల్లో ఆ కాపలా నాది. నేను కేకేస్తే అమ్మ వెదురుబద్దతో వచ్చేది.

దశమి సాయంత్రం దుర్గమ్మను నిమజ్జనానికి తీసుకెళ్తున్నారు. స్నేహితురాళ్ళు గుమ్మంలో నిలబడి పిలుస్తున్నారు. అప్పుడే పెట్టె ముందు పసుపు చారల కందిరీగ ఒకటి గాలిలో ఆగి ఉంది. మామ్మ తల పక్కకు వంచింది.

“ఏటో రొద ఇనబడతంది. సూడే గుంటా.”

“ఏటీ నేదు మామ్మా, డోళ్ళు,” అని పరుగెత్తాను.

మర్నాడు గుంపుగా వచ్చాయి. అమ్మను రెండు కుట్టడంతో లోపలికి వచ్చేసింది. అవి వెళ్ళేసరికి పెట్టె ముందు నేలంతా తేనెటీగల తెగిన తలలు. మామ్మ చతికిలబడి, వాటిని వేళ్ళతో తడిమి తడిమి కొంగులోకి ఏరుకుంది.

“నిన్న ఒక్కటైనా వొచ్చిందేటే?”

“నేదు.”

“అయితే నా సెవులు కూడా పోనాయి,” అంది.

తిట్టలేదు, అనుమానించలేదు. అది మొదలు తన చెవులను తానే నమ్మడం మానేసింది. పాలవాడు పిలిచినా, రైలు కూత వేసినా, “నిజంగానే వొచ్చిందా?” అని అమ్మను అడిగేది. నాన్న మరో పెట్టె తెస్తానంటే వద్దంది. పోయేదాకా అలాగే అడిగింది. నేను పక్కనే ఉండి కూడా నిజం చెప్పలేకపోయాను.

ఇప్పుడా క్వార్టర్లు లేవు, కట్ట వెంట రెల్లూ లేదు. తేనెటీగలు పెంచేవాళ్ళు కొందరు కందిరీగలు ఎక్కడ కనబడ్డా కబురు చేయమంటే, ఫోటో తీసి, చోటు రాసి పంపుతుంటాను. నిన్న మేడ మీద ఒకటి గాలిలో ఆగి కనబడింది. అంతలో అది కదలడంతో ఫోటో సరిగ్గా రాలేదు. అయినా పంపాను. “ఇది నిజంగా కందిరీగేనా? మీరే చూశారా?” అని అడిగారు.

నేనే చూశానని రాశాను.