పైవీధి, కిందివీధి, ఒకే గిన్నె

పోయిన ఆదివారం నంద్యాలలో మా క్రైస్తవుల గుడిలో సంస్కారం, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు, దగ్గుమందు సీసా మూతంత ప్లాస్టిక్ గిన్నెలు పళ్లెంలో పేర్చుకుని తెచ్చారు. ఎవరి గిన్నె వాళ్లది, ఎవరి ద్రాక్షరసం వాళ్లది, తాగేసి పక్కనున్న బుట్టలో పడేయడమే. శుభ్రమైన పద్ధతే, కాదనను. ఆమధ్య వచ్చిన రోగాల తర్వాత ఇదే మేలని కమిటీవాళ్లు అంటే నేనూ తలూపినదాన్నే. కానీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. రెండు వీధుల మనుషుల చేత ఒక్క గిన్నెలో తాగించడానికి మా నాయన పడిన పాట్లు కళ్లముందు ఆడాయి. మన ఈడువాళ్లకైతే చెబితే అర్థమవుతుందని చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో మేము ఆళ్లగడ్డ దగ్గర, బస్సు దిగి గట్ల వెంబడి నడిచి చేరుకోవలసిన ఒక పల్లెలో ఉండేవాళ్లం. నాయన పుట్టింది పాణ్యం వైపు. ఆ పల్లెలోని మిషన్ బడికి ఆయనొక్కడే పంతులు, ఆదివారం వచ్చిందంటే ఆయనే ఉపదేశి. ప్రార్థన నడిపించడం, పాటలు నేర్పడం, పెళ్లికైనా చావుకైనా ముందు నిలబడటం అన్నీ ఆయన పనే. సంస్కారం ఇచ్చే అధికారం మాత్రం ఉపదేశికి లేదు, దానికి నంద్యాల నుంచి గురువుగారు, అంటే పాస్టరుగారు రావాలి. గురువుగారి చేతికింద ఎన్నో ఊళ్లు ఉండేవి గనుక మాకు ఎప్పుడో గానీ వంతు వచ్చేది కాదు, వచ్చిన రోజు మాత్రం గుడికి సున్నం కొట్టి, చాపలు దులిపి, ఉతికిన బట్టలు కట్టుకుని ఊరి చివర మా పేటంతా పండగ చేసుకునేది.

ఆ పేటలో రెండు వీధులు. పైవీధివాళ్లు తరతరాలుగా ఊళ్లోని ఒక పెద్ద ఆసామి పొలాల్లో చేసేవాళ్లు, కిందివీధివాళ్లు ఇంకో ఆసామి పొలాల్లో చేసేవాళ్లు, ఆ ఆసాములిద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ కాలంలో మా వైపు పల్లెలు ఎట్లా ఉండేవో ఎరిగినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్లకు చెప్పినా నమ్మరు. పెద్దలు వాకిట్లో మంచాల మీద కూర్చుని పంతాలు పడితే కట్టె పట్టుకుని పోయేదీ, దెబ్బలు తినేదీ మావాళ్లే. ఒక ఏడాది వరిమడికి నీళ్లు తిప్పుకునే దగ్గర మాటామాటా పెరిగి, పైవీధి పిల్లవాడొకడు కిందివీధిలో ఒకాయన్ని కట్టెతో కొట్టి చేయి విరగ్గొట్టాడు. చేయి విరిగినాయన తమ్ముళ్లు గుళ్లోనైనా యాడైనా సరే, వాణ్ణి వదిలేది లేదని వీధిలో నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పారు. చెప్పినపని చేసే మనుషులే వాళ్లు.

మా గుళ్లో కుర్చీలు లేవు, చాపలే. ఉత్తరం పక్క మగవాళ్లు, దక్షిణం పక్క ఆడవాళ్లు, ఎప్పటినుంచో అదే వాడుక. ఈ గొడవ జరిగాక పైవీధివాళ్లు ఆడామగా కలిసి ఉత్తరం పక్కకు చేరారు, కిందివీధివాళ్లు ఆడామగా కలిసి దక్షిణం పక్కకు చేరారు. పెళ్లయిన నాటినుంచి గుళ్లో మొగుడి పక్కన కూర్చుని ఎరగని ముసలమ్మలు కూడా పగ పుణ్యమా అని పక్కపక్కన సర్దుకున్నారు. మేము బయటినుంచి వచ్చినవాళ్లం, ఏ వీధికీ చెందం. అందుకని అమ్మ నన్నూ చెల్లెల్నీ పెట్టుకుని నడిమధ్య దారిలో కూర్చునేది. నాకు ఊహ తెలిసిన వయసే గనుక అటు చూసినా తప్పే, ఇటు చూసినా తప్పేనని నేలచూపులు చూస్తూ పాడేదాన్ని.

నాయన ఆ రోజుల్లో బడి వదలగానే ఒకసారి పైవీధికీ ఒకసారి కిందివీధికీ తిరిగేవాడు. మర్యాదగా మంచం వాల్చేవాళ్లు, మజ్జిగ ఇచ్చేవాళ్లు, మాట మాత్రం వినేవాళ్లు కాదు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని సణిగేది. "నంద్యాలకు ఒక కబురు పెడితే పోతాది గదా, నీ ఒక్కడివల్ల యాడయితాది?" అనేది. కబురు పెడితే రెండు వీధులనూ సంస్కారానికి దూరం పెడతారు, అది మా సంఘంలో పెద్ద శిక్ష. నాయన భయం అక్కడే ఉంది. "దూరం పెట్టేది ఒక్క మాటతో అయిపోతాది. మళ్లీ దగ్గరికి ఎవరు తెస్తారు?" అనేవాడు. గురువుగారు వచ్చేలోపల తానే ఎట్లాగో సర్దుబాటు చేయగలననుకున్నాడు గానీ, సర్దుబాటు కాకముందే గురువుగారు వచ్చేశారు.

పాత గురువుగారు మంచంపడితే, ఆయన స్థానంలో కొత్తగా చదువుకుని వచ్చిన చిన్న వయసు గురువు ఆయన. ఆళ్లగడ్డలో బస్సు దిగితే నాయన సైకిలు వెనక ఎక్కించుకుని తెచ్చాడు. దారిపొడవునా చెబుదామనుకుని నోరు రాక ఊరుకున్నాడని తర్వాత అమ్మతో అంటుంటే విన్నాను. గుడి బయట రెండు గోడలకూ కట్టెలు ఆనించి ఉన్నాయి, పశువుల కోసమని అనుకోవడానికి గురువుగారికి వీలుండేది గానీ మాకు లేదు. పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి. ప్రసంగానికి నిలబడిన గురువుగారు చాపలవైపు కలయజూసి, పెద్ద పట్నాల్లో కూడా ఇంకా రాని మార్పు ఈ చిన్న పల్లెలో వచ్చిందనీ, భార్యాభర్తలు కలిసి కూర్చుని దేవుణ్ణి ఆరాధించే సంఘాన్ని ఇదే మొదటిసారి చూడటమనీ, ఇందుకు మీ ఉపదేశిగారిని అభినందించాలనీ ఎంతో సంతోషంగా చెప్పుకుపోయారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆరోజు ఎవ్వరూ నవ్వలేదు, దగ్గనైనా లేదు.

తర్వాత గురువుగారు బల్ల మీది గిన్నె ఎత్తి, ఉత్తరం పక్కకు చెయ్యి చాపి, ముందు మీరు రండి అన్నారు. ఆ చెయ్యి ఎటు చాపినా ప్రమాదమే. పైవీధివాళ్లు తాగిన గిన్నె కిందివీధివాళ్లకు పగవాడి ఎంగిలి. ఎంగిలి ముట్టుకోమని లేచిపోతే ఆ అవమానానికి పైవీధివాళ్లు ఊరుకోరు. ఊళ్లో ఆసాములిద్దరూ అట్లాంటి కబురు కోసమే కాచుకుని ఉన్నారు. చేయి విరిగినాయన తమ్ముళ్లు అప్పటికే వాకిలి వైపు చూస్తున్నారు.

అప్పుడు నాయన గురువుగారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఒక్క నిమిషం అయ్యా. వీళ్లు ఆలుమగలని కలిసి కూసోలేదు. రెండు పార్టీలై కూసున్నారు. మీకు చెప్పకుండా దాచింది నేనే" అన్నాడు. అన్ని వారాలుగా అందరికీ తెలిసి ఒక్కరూ గుళ్లో పలకని మాట అది. గురువుగారు గిన్నెను మళ్లీ బల్ల మీద పెట్టి, దానిమీద గుడ్డ కప్పేశారు. నాయన సంఘం వైపు తిరిగి, మగోళ్లు మగోళ్ల తావున, ఆడోళ్లు ఆడోళ్ల తావున ఎప్పటిమాదిరి కూర్చుంటే సంస్కారం జరుగుతుందనీ, లేదంటే తానూ గిన్నె ముట్టననీ చెప్పి, పోయి ఉత్తరం పక్క మగవాళ్ల చాప మీద కూర్చున్నాడు.

ఎవరూ కదలలేదు. ముందు లేచింది అమ్మ. మమ్మల్ని లాక్కుని దక్షిణం గోడ పక్కకు, తన పాత చోటుకు పోయి కిందివీధి ఆడవాళ్ల మధ్యలో కూలబడింది. అది చూసి పైవీధి ముసలమ్మ ఒకామె మోకాళ్లు పట్టుకుని లేచి దారి దాటింది. ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకుంటూ ముఖాలు తిప్పుకుని తిప్పుకుని విసిగిపోయి ఉన్నారేమో, ఆమె వెనకే మిగతా ఆడవాళ్లు కూడా వచ్చేశారు. దాంతో కిందివీధి మగవాళ్లు పేట ఆడవాళ్ల మధ్య ఇరుక్కుపోయారు. ఇక కూర్చోవడానికి లేదు. లేచి వాకిలి దాటి కట్టెల దగ్గరికైనా పోవాలి, పగవాళ్లున్న చాప మీదికైనా పోవాలి.

తమ్ముళ్లు లేచి వాకిలి వైపే రెండడుగులు వేశారు. అప్పుడు చేయి విరిగినాయన, మెడకు కట్టుకున్న గుడ్డలో చెయ్యి వేలాడుతుండగా లేచి, తమ్ముళ్లవైపు ఒక్క చూపు చూసి, నెమ్మదిగా ఉత్తరం పక్కకు నడిచాడు. నాయన పక్కన చోటు లేదు. ఆడవాళ్లు లేచిపోగా దగ్గరలో ఉన్న ఖాళీ, ఆయన్ని కొట్టిన పిల్లవాడి పక్కనే ఉంది. ఒంటిచేత్తో కూర్చోవడం ఆయనకు కష్టంగా ఉంది. ఆ పిల్లవాడు తలెత్తకుండానే పక్కకు జరిగి, తన చేయి ఆసరాగా ముందుకు చాపి, "ఈడ కూసోన్నా" అన్నాడు. ఆయన ఆ చేతిని కాసేపు చూశాడు. పట్టుకుంటాడో విదిలించుకుంటాడో తెలియక నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు, తమ్ముళ్లు వాకిట్లోంచి వెనక్కి వస్తున్నారు. కూర్చున్న వరుసనే మోకాళ్లూనారు గనుక గిన్నె ఆ పిల్లవాడి దగ్గరినుంచి నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన తాగాడు. నాయన అందరికంటే చివర తాగి, గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధమే. కట్టె పట్టే మనుషులు తగ్గినందుకు ఆసాములిద్దరికీ నాయన మీద కోపం వచ్చింది, ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. బడికి వాళ్లు కొలిచే గింజలు రావడం ఆగింది. ఒక సాయంత్రం ఆళ్లగడ్డలో సైకిలు ఆపి, ఊరు విడిచి పొమ్మని ఎవరో బెదిరించారు. నంద్యాలలో పెద్ద బడికి మార్పిస్తామని గురువుగారే అడిగినా నాయన కదలలేదు. అమ్మకు ఆ కోపం చాలాకాలం పోలేదు. ఆయన మాత్రం ఎనభైలు గడిచేదాకా ఆ చాపల మీదే రెండు వీధుల పిల్లలనూ కలిపి కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. వాళ్లలో నర్సులయ్యారు, టీచర్లయ్యారు, డోన్‌లో రైల్వే పనికీ శ్రీశైలంలో డ్యామ్ పనికీ పోయినవాళ్లున్నారు. నాయన అక్కడే పోయాడు, అక్కడే మట్టిలో కలిశాడు.

పోయిన ఎండాకాలం ఆ ఊళ్లో పెళ్లికి పిలిస్తే వెళ్లాను. పిల్ల కిందివీధి, పిల్లవాడు పైవీధి. భోజనాల దగ్గర వడ్డిస్తున్న కుర్రాళ్లను మీరు ఏ వీధి అబ్బాయిలు అని అడిగాను. "ఏందీ పెద్దమ్మా, వీధేంది? అంతా ఒకటే గదా ఈడ" అని నవ్వి పెరుగు వేసిపోయారు. పాత గొడవ సంగతి ఒకరికీ తెలియదు. గొడవే తెలియనివాళ్లకు దాన్ని ఆపిన పంతులెవరో ఎట్లా తెలుస్తుంది? ఇంతకన్నా మనకేం కావాలి అనేవాడు నాయన ఉంటే, ఆ మాట నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ పందిట్లో అంతమంది కలిసి తింటుంటే, ఆయన పేరు ఒక్కరి నోటనైనా వినబడుతుందేమోనని విస్తరి ఎత్తేదాకా కూర్చునే ఉన్నాను.