దిగని బావిలో మా కాళ్ళు

ముందుగా ఒక మాట. నాకు రాయడం రాదు. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివి ఆగిపోయాను. ఏ అక్షరానికి ఏ వత్తు పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. చదివినవాళ్ళు నవ్వుకుంటారేమోనని భయం. అయినా ఈ ఒక్క కేసు రాయకుండా ఉండలేను.

1936 ఎండాకాలం. మార్కాపురం తాలూకాలో, తర్లుపాడు దగ్గర ఒక చిన్న డిస్పెన్సరీలో నేను డ్రెస్సర్‌ని. డ్రెస్సర్ అంటే పుండ్లు కడిగి కట్లు కట్టేవాడు. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగిలిన రోజులు కాంపౌండరుగారూ నేనూ చూసుకునేవాళ్ళం.

ఆ ఎండల్లో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నారి కురుపు వాళ్ళే. కాలి మీద బొబ్బ లేచి, నిప్పు పెట్టినట్టు మండి, చిట్లుతుంది. లోపలినుంచి తెల్లదారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాలి. తొందరపడితే తెగుతుంది, కాలు వాచిపోతుంది. పురుగున్న కాలు బావిలో పెడితే దాని పిల్లలు నీళ్ళలో పడతాయనీ, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి నారి లేస్తుందనీ డాక్టరుగారు చెప్పేవారు.

అప్పుడే మద్రాసు కాలేజీనుంచి శేషగిరి అనే అబ్బాయి వచ్చాడు. బి.ఏ. ఆనర్సు చివరి సంవత్సరం. థీసిస్ రాయాలన్నాడు. థీసిస్ అంటే పరీక్ష కోసం ఒక సంగతి మీద తిరిగి, చూసి, విచారించి రాసే పెద్ద వ్యాసం. ఇతనిది పల్లెల ఆరోగ్యం మీద. మునసబుగారింట్లో దిగాడు. చేతిలో షెడ్యూలు, అంటే అచ్చువేసిన ప్రశ్నల కాగితం, పెట్టుకుని ఊరూ, ఊరికి ఎడంగా ఉన్న మా పాలెమూ తిరిగాడు.

ఒకరోజు డిస్పెన్సరీ వసారాలో ఏసమ్మ కాలికి పుల్ల చుడుతున్నాను. ఏసమ్మ నాకు వరసకు చిన్నమ్మ, కూలిపని చేసుకుని బతికే మనిషి. శేషగిరి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"దావీదూ, నేను వచ్చిన పని అయిపోయింది. జబ్బుకు కారణం తేలింది. పాలెంవాళ్ళు నారికాళ్ళతో దిగుడుబావిలో దిగి నీళ్ళు పాడు చేస్తున్నారు. థీసిస్‌లో అదే రాశాను. మునసబుగారు ఒక నకలు తాలూకా బోర్డుకు పంపుతామన్నారు. అది అందాక పాలేనికి ఆ బావి నీళ్ళు మానిపించేస్తారట."

నా చేతిలో పుల్ల ఆగిపోయింది. ఆ బావి లేకపోతే పాలేనికి ఉన్నది వాగులో చెలమ ఒక్కటే. అది రెండు మైళ్ళు. ఎండాకాలం అదీ ఎండుతుంది.

ఏసమ్మ తలెత్తి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏం నాయనా, మా కాళ్ళు బావిలో దిగినాయా? ఏ పొద్దు దిగినాయో చెప్పు సామీ, నేనూ యిని సంతోషపడతా!"

"నువ్వే చెప్పావు కదమ్మా. దిగుడుబావి నీళ్ళు వాడతారా అంటే ఔనన్నావు."

"వాడతామంటే దిగినట్టేనా? గట్టుమీద కుండ పెట్టుకోని, అయ్యా పొయ్యండి, అమ్మా పొయ్యండి అని ఎండలో నిలబడతాం. ఎవురికన్నా దయ పుడితే పోస్తారు. మెట్టుమీద కాలు పెడితే ఆ కాలు ఉంటాదా మాకు?"

శేషగిరి కాగితం చూసుకున్నాడు. అందులో 'వాడతారా' అన్న గడే ఉంది. నీళ్ళు చేతికి ఎలా వస్తాయన్న గడి లేదు.

"మేము దిగని బావిలో మా కాళ్ళ పురుగు ఎట్ల పడింది సార్? రేపు పొద్దున రండి. కాగితాలు వద్దు, కండ్లు తెచ్చుకోండి చాలు" అన్నాను. అంత గట్టిగా మాట్లాడింది నేనేనా అని నాకే ఆశ్చర్యమేసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బావి దగ్గరికి వెళ్ళాం. గట్టుమీద పాలెం ఆడవాళ్ళు ఖాళీ కుండలతో నిలబడి ఉన్నారు. నేనూ అక్కడే ఆగాను. నాకూ అక్కడిదాకే. శేషగిరి మెట్లు దిగాడు. కింద మెట్టుమీద మునసబు తమ్ముడు వెంకటరెడ్డి కూర్చుని ఉన్నాడు. నిన్న నేను కట్టిన కట్టు విప్పి పక్కన పెట్టుకుని, నారి లేచిన కాలు మోకాలిదాకా నీళ్ళలో పెట్టాడు.

నన్ను చూసి కిందనుంచి కేకేశాడు. "ఏందిరా దావీదూ, ఇంత దూరం వచ్చినావు? నీ వైద్యం బాగుందిరా! మంట అంతా పోయింది."

"నేనేం వైద్యం చెప్పినానయ్యా?"

"చల్లనీళ్ళల్లో కాలు పెట్టుకోమంటివి కదరా!"

నిజమే, చెప్పాను. మంట తగ్గుతుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. నా ముందు ఎప్పుడూ బేసిన్ ఉండేది కాబట్టి చల్లనీళ్ళంటే బేసిన్‌లో నీళ్ళే అనుకున్నాను. ఊరివాళ్ళకు చల్లనీళ్ళంటే దిగుడుబావి. ఆ మాట ఎన్ని కాళ్ళను బావిలో దించిందో నాకు తెలియదు.

శేషగిరి పైకొచ్చాడు. మొహం పాలిపోయింది. "ఇప్పుడేం రాయను?"

"చూసింది రాయండి. నేను చెప్పిన మాట కూడా రాయండి. కింద నేను సంతకం పెడతా."

సాయంత్రానికి మునసబు కబురు పెట్టాడు. వెళ్ళాను. శేషగిరి ఒక మూల తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏరా, చదువుకునే పిల్లోని బుర్ర చెడగొడతావా? ముందు రాసింది అట్లే ఉండనీ. లేకుంటే బావి చెడగొట్టమని చెప్పింది నువ్వేనని డాక్టరుకు అర్జీ పెడతా. నీ ఉద్యోగం ఊడిపోతాది."

గట్టుమీద ఆ ఖాళీ కుండలు గుర్తొచ్చాయి.

"పెట్టండయ్యా. పెట్టేదేదో రెండూ రాసి పెట్టండి. చెప్పింది నేను. దిగింది మీ తమ్ముడు."

మునసబు కోపంతో లేచాడు. మూలనుంచి శేషగిరి కూడా లేచాడు. "నేను రాసింది కొట్టేశానండీ" అన్నాడు మెల్లగా. బావి దగ్గర చూసిందీ నా మాటా రాసిన కొత్త కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. నేను సంతకం పెట్టాను. దావీదు అన్న మూడక్షరాలూ వంకరగానే వచ్చాయి.

అర్జీ వెళ్ళింది. డాక్టరుగారు నన్ను బాగా తిట్టి, వార్నింగ్ రాసి, పనిలో ఉంచారు. పాలేనికి నీళ్ళు ఆపడానికి మునసబుకు సాకు లేకుండా పోయింది. మెట్లు దిగే హక్కు మాత్రం మాకు రాలేదు. ఆ పోరు వేరే, అది ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ కేసు తర్వాత రోగికి చల్లనీళ్ళు అని ఊరికే చెప్పలేదు. ఏ నీళ్ళు, ఎందులో పోసుకుని, ఎక్కడ పారబోయాలి అని మూడుసార్లు చెప్పి, తిరిగి చెప్పించుకుని పంపాను. మా గురించి రాసుకోవడానికి ఎవరొచ్చినా, ఎంత పెద్ద చదువైనా, రాసింది ఒకసారి చదివి వినిపించమని అడిగాను. వినిపించనివాళ్ళకు జవాబు చెప్పలేదు.

ఇందులో అక్షరాల తప్పులు చాలా ఉంటాయి. పెద్దమనసుతో క్షమించండి. బావి సంగతిలో తప్పుందని ఎవరైనా అంటే మాత్రం క్షమాపణ అడగను. వచ్చి గట్టుమీద మాతో ఒక పూట నిలబడమంటాను.