ఒక్కపొద్దు నాటి మాత్ర

కొండాపూర్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో హార్మోను జబ్బులకు ఒక వార్డు ఉంది. ఒకామెను అక్కడికి తెచ్చేనాటికి నాలుగడుగులు కూడా వేయలేకపోతోంది. ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్ పని. మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు పనిచేయడం మానేసి ఒళ్లంతా నల్లబడింది.

"ఏసీల పనిచేస్తవ్, గింత నల్లగెట్లయినవే అని మా సూపర్‌వైజర్ నవ్విండు సారూ," అంది. "ఎండల నిలబడేటోడు మా ఆయన. నలుపేమో నాకొచ్చింది."

ఆమె భర్త నార్సింగిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. "ఇగ సాలు తియ్యి, సారుకు పనున్నది," అన్నాడు.

స్టెరాయిడ్ మాత్రలతో కోలుకుని లేచి తిరిగింది. ఇంటికి పంపే రోజు, ఆమె మంచం కోసం ఇంకో రోగి అప్పటికే తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. మాత్రల పట్టీ ఆమె చేతిలో పెట్టి, "రోజూ రెండు పూటలా వేసుకోవాలమ్మా. ఉత్త కడుపున మాత్రం వేసుకోకండి, మంట పుడుతుంది," అన్నాను. చెప్పిన మాటను రోగి చేత తిరిగి చెప్పించడం మా పద్ధతి.

"ఉత్త కడుపుల ఏస్కోవద్దు," అంది. చాలనుకున్నాను.

ఆ గ్రంథుల పని ఇక ఈ మాత్రే చేయాలనీ, తిన్నా తినకపోయినా ఆపకూడదనీ, వాంతులైతే వెంటనే ఇంజెక్షన్‌కు రావాలనీ చెప్పలేదు. ఆమె నుదుటి మీద విభూతి చూశాను. ఉపవాసాలుంటారా అని అడగలేదు. మా అమ్మ సోమవారాలు మంచినీళ్లు కూడా ముట్టదు. నాకు తెలియని సంగతి కాదు.

శివరాత్రి మర్నాడు మధ్యాహ్నం ఆమెను ఆటోలో తెచ్చారు. పండుగ రోజు ఏమీ తినలేదు కనుక మాత్ర వేసుకోలేదు. తెల్లారి వాంతులతో ఏదీ లోపల నిలవలేదు, అప్పుడూ వేసుకోలేదు. బీపీ అందడం లేదు. ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ ఎక్కించాం.

"గోలీలు ఎవరు మానమన్నారయ్యా?" డాక్టరు గారు ఆమె భర్తను గద్దించారు.

"మానలే సార్. ఒక్కపొద్దుండె. ఉత్త కడుపుల ఏస్కోవద్దన్నరు గద."

"ఎవరన్నారు?"

అతను నా వైపు చూశాడు. నేను సెలైన్ చుక్కలు సరిచేస్తున్నట్టు తల పైకెత్తాను. అవి సరిగానే పడుతున్నాయి.

"ఏమో సార్. మేమే సరిగ ఇనలేదేమో," అన్నాడు.

"వీళ్లకెంత చెప్పినా ఇంతే," అన్నారు డాక్టరు గారు నాతో. నేను తలూపాను.

సాయంత్రంలోపే ఆమె పోయింది.

ఇప్పుడు వార్డు నుంచి వెళ్లే ప్రతి ఒక్కరినీ ఏయే రోజులు ఒక్కపొద్దుంటారో అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు. దీన్ని ప్రాయశ్చిత్తమని అనుకోలేను. ఇది మొదటి నుంచీ నా పనే. డాక్టరు గారికి మాత్రం ఇవాళ్టి దాకా చెప్పలేదు.

ఆ రోజు శవాన్ని తీసుకెళ్లేముందు ఆమె భర్త నన్ను వెతుక్కుంటూ వచ్చి, జేబులోంచి ఆ మాత్రల పట్టీ తీశాడు.

"మిగిలినయ్ సారూ. లేనోళ్లకెవరికన్న ఇయ్యుండ్రి," అన్నాడు. "మీరైతే దాన్ని మంచిగనే సూసుకున్నరు."

చెయ్యి చాచి తీసుకున్నాను.