మేడం మరిచిపోని పాస్‌వర్డ్

ముందే చెప్పేస్తాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మిర్యాలగూడలో నాలుగు చినుకులు పడితే సాగర్ గేట్లెత్తారని హాలియా దాకా చాటే రకం నేను. కానీ ఇన్నేళ్లుగా గుండెమీద మోస్తున్న ఈ బరువును పెంచే అవసరం రాలేదు. అదే పెరిగింది. మీకొక్కరికే చెబుతున్నాను.

అప్పట్లో కంప్యూటర్ల రిపేరు నా పని. కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో సర్వర్ ఉండేది. దాని ఫ్యాను మోతకు పక్క రైసుమిల్లువాళ్లు వచ్చి గొడవ పెట్టుకున్నారు. అక్కడ తెలుగు చెప్పే సుజాత మేడం, నడిగూడెంలో గొర్రెలు కాసిన తన మేనత్త పాటలను క్యాసెట్ల నుంచి అందులోకి ఎక్కించుకున్నారు. మేనత్త అప్పటికే లేదు. అరిగిన క్యాసెట్లు ఇక పారేయమన్నది నేనే. పిల్లలు ముట్టుకోకుండా ఆ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసిందీ నేనే. మేడం తన లాగిన్‌తో వస్తే అవి వాటంతటవే తెరుచుకునేవి.

తర్వాత కాలేజీవాళ్లు అన్ని కంప్యూటర్లనూ ఒక్కచోటి నుంచే నడపాలన్నారు. ఆ సర్వర్‌ను డొమైన్ కంట్రోలర్‌గా, అంటే మిగతా కంప్యూటర్లకు పెద్దదిక్కుగా, మార్చాను. అలా మారిస్తే పాత లాగిన్లు పోతాయి. ఆ ఫైళ్ల తాళంచెవి కొత్త లాగిన్‌కు అందదు. ముందే దాన్ని ఫ్లాపీలోకి తీసి దాచాలి. తెలుసు. తీయలేదు. ఎందుకు? బద్ధకమా? ఆకలా? ఇంతకంటే ఘనమైన కారణం ఎంత వెతికినా దొరకడం లేదు.

మేడం పాత పాస్‌వర్డ్ కొట్టారు. కంప్యూటర్ లోపలికి రానివ్వలేదు. కొత్త లాగిన్ చేసిచ్చాను. ఫైళ్లు కనబడ్డాయి, తెరుచుకోలేదు.

“ఏంది తమ్మీ, పేర్లున్నయ్ గానీ పాట రాదేంది?”

“పాత పాస్‌వర్డ్ మర్చిపోయిండ్రు మేడం. అందుకే.”

“నేనా? మా అత్త పేరే పెట్టిన గదా! అత్త పేరు మర్చిపోతనా?”

“వయసు మేడం. గట్లనే అయితది.”

ఆమె నమ్మారు. అదే నన్ను చంపుతోంది. కొట్లాడితే ఒప్పుకునేవాణ్నేమో. ఒప్పుకునేవాణ్నా? ఆ తర్వాత మేడం బీరువా తాళాలు చెల్లెలికి ఇచ్చేశారట. క్లాసులో పద్యం మధ్యలో ఆగి, “ఇది నిన్ననే చెప్పిన్నా?” అని పిల్లల్ని అడిగేవారట.

కొన్నాళ్లకు ఒక సంగతి తెలిసింది. ఆమె పాత లాగిన్ ఫోల్డర్ డిస్కులో మిగిలి ఉంటే, తాళంచెవి అందులోనే ఉంటుంది. దాన్ని బయటికి తీయడానికి ఆ పాత పాస్‌వర్డ్ చాలు. ఆమెకు బాగా గుర్తున్న పాస్‌వర్డే. కోదాడ వెళ్లి చూశాను. ఫోల్డర్ ఉంది. పాటలు తిరిగొస్తే మేడం మరిచిపోలేదని, నేనే అబద్ధమాడానని తేలిపోతుంది.

తుడిచేశాను.

మేడం రిటైరై సూర్యాపేటలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. పోయిన ఏడు వెళ్లి అంతా చెప్పాను. ఆమె నవ్వి, చాయ్ పోసి, “పోనీ తమ్మీ, ఇగ ఇడిసిపెట్టు” అన్నారు.

రైసుమిల్లు గొడవ నిజమే. నేను కల్పించింది ఈ చాయ్. గుమ్మం దాకానే వెళ్లాను. లోపల చెల్లెలి గొంతు వినబడింది.

“అక్కా, గ్యాస్ బంద్ చేసినవా?”

“యాదికి లేదే. నా మాట నమ్మకు, నువ్వే జర సూడు.”

తలుపు తట్టలేదు. బస్టాండుకు తిరిగొచ్చేశాను.

మేడం ఏదీ మరిచిపోలేదు. చెరిపింది నేను. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. అది క్షమాపణ కాదని తెలుసు. అయినా కాస్త ఊపిరాడుతోంది.