"యేతో" అనేదాక

చంద్రపూర్‌ల బండి కదిలింది. నా పక్కన తలుపు కాడ ఓ విదేశీ హాకీ ఆటగాడు నిలబడ్డడు. ఓడిపోతున్న జట్టును ఇడిచి సొంత దేశం పోతుండు. కింద ఆ జట్టు గోల్‌కీపర్ అతని భుజానికున్న సంచి ఇడువకుండ పట్టుకొని బండితోని ఉరుకుతుండు.

"జాతో అనకు, యేతో అను!" అని మొత్తుకుంటుండు. మరాఠోళ్లు గూడ మన లెక్కనే. పోయేటప్పుడు పోతున్న అనరు, వస్త అంటరు.

"నేను మళ్ల రాను. అబద్ధమెట్ల చెప్పాలె?" అన్నడు ఆటగాడు, వచ్చీరాని హిందీల.

ప్లాట్‌ఫారం అయిపోవస్తుంది. ఉరికేటోడు పట్టాల మీద పడ్తడని నా పానం గుంజింది. "అరె బేటా, మా అత్త గూడ పోయొస్తననే కన్ను మూసింది. వచ్చిందా? అనురా!" అని కసిరిన.

"యేతో!" అని అరిచిండు.

గోల్‌కీపర్ సంచి ఇడిచిండు. రాడని ఆయనకెరుకే. అయినా ఒగర్చుకుంట, "జల్దీ రా!" అని చెయ్యూపిండు.